‘ఆయ్, బాగుందండీ’ అన్న జవాబుకు ఎన్ని మార్కులు వేయాలి?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో చెబుతాను. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్న మీరు, కోనసీమలో నాలుగు విలేజ్ క్లినిక్‌ల పరిధిలో ఈ-సంజీవని ద్వారా వైద్య సలహా తీసుకున్నవారిని కలిసి, ఆ ఆన్‌లైన్ సేవ మీద వారి సంతృప్తిని అయిదు అంచెల ప్రశ్నావళితో కొలిచారు. దాదాపు అందరూ ‘చాలా సంతృప్తి’ దగ్గరే టిక్కు పెట్టారు. అదే మనుషులను ‘మళ్ళీ ఒంట్లో బాగోకపోతే ఇలాగే చూపించుకుంటారా?’ అని అడిగితే మాత్రం చాలామంది నవ్వి ఊరుకున్నారు. లోపం ప్రశ్నావళిలో ఉందా, జవాబు చెప్పినవారిలో ఉందా, మీరు లెక్కగట్టిన తీరులో ఉందా అన్నది మీ సందేహం.

జవాబు చెప్పినవారిలో ఏ లోపమూ లేదు. మీరు రెండు ప్రశ్నలు అడిగారు, వారు రెండింటికీ నిజమే చెప్పారు. మొదటి ప్రశ్న వారి చెవికి ‘మీ నర్సమ్మ మంచిదేనా?’ అని వినిపించింది. రెండవది ‘మీ పని అయిందా?’ అని వినిపించింది. నర్సమ్మ మంచిదే, పని మాత్రం కాలేదు. మీకు వచ్చిన తేడా అంతా ఈ రెండు వాక్యాల మధ్య ఉన్నదే. దానిని సిద్ధాంత గ్రంథంలో లోపంగా దాచుకోకుండా, అదే మీ పరిశోధన ఫలితంగా రాయవచ్చునని నా అభిప్రాయం. అది ఎలాగో చెప్పడానికే ఈ సుదీర్ఘమైన సమాధానం.

నేను ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో ఆరోగ్య శాఖ గణాంకాల పనిలో రెండున్నర దశాబ్దాలకు పైగా ఉండి పదవీ విరమణ చేశాను. ఇంటింటి సర్వే ఫారాలు నింపినవాడిని, నింపించినవాడిని, చివరికి వాటిని నమ్మడం మానుకున్నవాడిని కూడా. గోదావరి జిల్లాల్లో ‘ఆయ్’ అన్న మాట ఎంత బరువైనదో, ఎంత తేలికైనదో మీకు వేరే చెప్పనక్కరలేదు. అది అవునన్న అంగీకారం కావచ్చు, మీ మాట వింటున్నామన్న మర్యాద కావచ్చు, ఇక లేవండి నాకు పని ఉంది అన్న సూచన కూడా కావచ్చు. ఫారం పట్టుకొని ఇంటికి వచ్చినవారిని అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వారి ఎదుటే వారు పనిచేసే శాఖను తప్పుపట్టడం మన డెల్టా గ్రామాల్లో పెద్దరికం అనిపించుకోదు. సర్వే గ్రంథాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి గాని, మన భాషలో ఉన్న ‘మొహమాటం’ అన్న మాట వాటన్నిటికంటే సరిగ్గా సరిపోతుంది.

ఈ గోతిలో నేనూ ఒకసారి పడ్డాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఆరోగ్య కేంద్రంలో సేవల మీద అభిప్రాయ సేకరణ చేయవలసి వచ్చినప్పుడు, మనుషులు చాలక, ఆ కేంద్రంలో పనిచేసే సిబ్బంది చేతికే ఫారాలిచ్చాను. వారం తిరిగేసరికి కట్ట తిరిగి వచ్చింది. పేజీ తరువాత పేజీ తిప్పుతుంటే అన్నీ అయిదులే. ఎక్కడా కొట్టివేత లేదు, సిరా మారలేదు, ఒక్క ఫారం కూడా నలగలేదు. అనుమానం వచ్చి, ఒక ఫారం మీద ఉన్న ఇంటి నంబరు పట్టుకొని వెళ్ళాను. ‘వేచి ఉన్న సమయం పట్ల సంతృప్తి’ అన్న గడిలో అయిదు వేసి ఉన్న ఆ పెద్దాయన, గంటన్నర కూర్చుని, డాక్టరు లైనులోకి రాకపోవడంతో, చూపించుకోకుండానే ఇంటికి వచ్చేసిన మనిషి. ‘మరి బాగుందని ఎలా చెప్పారండీ?’ అని అడిగితే, ‘ఆ అమ్మాయి మా బామ్మర్ది కోడలు వరస, దాన్ని ఇబ్బంది పెడతామా’ అన్నాడు. ఆ కట్టను నేను పైకి పంపకుండా ఆపేశాను. ఆలస్యానికి సంజాయిషీ రాసుకున్నాను. మీ ప్రశ్నావళి నింపేటప్పుడు పక్కన ఎవరున్నారు, ఏ చోట నింపారు అన్నది మీరు రాయలేదు. క్లినిక్ వరండాలో నింపినవాటిని, ఇంటి దగ్గర నింపినవాటిని వేరు చేసి ఒకసారి చూడండి. తేడా అక్కడే బయటపడే అవకాశం ఎక్కువ.

రెండవ చిక్కు భాషది. ఇంగ్లీషు ప్రశ్నావళి నుంచి తెచ్చిన ‘సంతృప్తి’, ‘చాలా సంతృప్తి’, ‘అసంతృప్తి’ అన్న మాటలు కాగితం మీద శుభ్రంగానే ఉంటాయి. కాని మన ఊళ్ళలో ‘తృప్తి’ అన్నది భోజనం దగ్గర వచ్చే మాట. ఆసుపత్రి విషయంలో ‘పని అయింది’, ‘తిప్పించారు’, ‘చెయ్యి పట్టి చూశారు’, ‘మందు పడింది’, ‘మందు పడలేదు’ అంటారు. అన్నిటికంటే గడ్డు మాట ‘ఫర్వాలేదండి’. ఒకరు అంటే అది బాగుందని అర్థం, మరొకరు అంటే ఏదో సర్దుకున్నామని అర్థం, ఇంకొకరి నోట అదే మాట ‘చెప్పుకొని ఏం లాభం’ అన్న నిట్టూర్పు. మీ అయిదు అంచెల్లో దానిని మూడులో వేశారా, నాలుగులో వేశారా? ఒకే జవాబును ఇద్దరు వేర్వేరుగా వింటూ వేర్వేరు గడుల్లో వేసే ప్రమాదం ఉన్నప్పుడు, సగటును రెండు దశాంశాల వరకు లెక్కించడంలో అర్థం లేదు. ఓ ఇరవై జవాబులను యథాతథంగా రాసుకొని, మీరూ మీ స్నేహితురాలూ విడివిడిగా మార్కులు వేసి పోల్చి చూసుకోండి. ఇద్దరి మధ్య పొంతన ఎంత ఉన్నదో కొలిచే ‘కప్పా’ అన్న సూచిక గురించి మీ గణాంకశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు. దానికి ఇంతకంటే మంచి ఉపయోగం ఉండదు.

ఇక అసలు విషయం: ఈ సేవకు ‘వినియోగదారు’ ఎవరు? ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి. 2019 నవంబరులో మొదలైనది ఆరోగ్య కార్యకర్త నుంచి వైద్యునికి వెళ్ళే దారి. దానిని మొట్టమొదట అమలుచేసిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. కొవిడ్ లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో, రోగి ఇంటి నుంచే నేరుగా వైద్యునితో మాట్లాడే రెండవ దారి తెరిచారు. మీరు చూసిన విలేజ్ క్లినిక్‌లలో నడిచేది మొదటి దారి. అక్కడ ట్యాబ్ తెరిచేది, వివరాలు ఎక్కించేది, హబ్‌లోని (వైద్యులు కూర్చునే కేంద్రంలోని) వైద్యుని కోసం వరుసలో ఉండేది ఎంఎల్‌హెచ్‌పీ, అంటే క్లినిక్‌లో పనిచేసే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. రోగి బల్లకు ఇవతల కూర్చుంటుంది, అంతే. ‘యాప్ వాడటం సులువుగా ఉందా?’ అని ఆమెను అడగడం, బస్సులో కూర్చున్న మనిషిని స్టీరింగు బరువుగా ఉందా అని అడిగినట్లే. జాన్ బ్రూక్ రూపొందించిన పది ప్రశ్నల వాడుక సౌలభ్య కొలమానాన్ని మీరు అనువదించి రోగులకు ఇచ్చినట్లు రాశారు. అది తన చేత్తో ఆ వ్యవస్థను నడిపినవారి కోసం ఉద్దేశించినది. దానిని ఆ నలుగురు ఎంఎల్‌హెచ్‌పీలకు ఇవ్వండి. నలుగురి స్కోర్లతో గణాంక పరీక్షలు చేయలేరు గాని, వారు చెప్పే మాటలు నాలుగు వందల టిక్కుల కంటే పనికివస్తాయి.

రోగి స్వయంగా వాడవలసిన ఆన్‌లైన్ సేవల్లో పరిస్థితి వేరు. అక్కడ కూడా ఫోను ఎవరిది అన్న ప్రశ్న ఉంది. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు సుమారు 21 శాతం, పురుషులు సుమారు 49 శాతం. అది 15 నుంచి 49 ఏళ్ళ వయసువారి లెక్క. బీపీ, షుగరు కోసం క్లినిక్‌కు వచ్చే అరవై దాటిన అమ్మమ్మలు అందులో లేనే లేరు. ఆ తరువాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయినా ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఆ మనిషి చేతిలో ఉండటం వేరు.

ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే పద్నాలుగు అంకెల ఆభా నంబరు తీసుకోవడమే చూడండి. ఆధార్‌కు జతచేసిన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. కోనసీమలో ఆ మొబైల్ చాలా ఇళ్ళలో హైదరాబాదులో ఉన్న కొడుకుది, లేదా గల్ఫ్‌కు వెళ్ళక ముందు కూతురు వాడిన నంబరు. నా ఎదుట జరిగినదే చెబుతాను. ఒక పెద్దావిడ ఆశా కార్యకర్త పక్కన నిలబడి, కొంగుకు కట్టుకున్న చిన్న కాగితం విప్పి, అందులోని నంబరుకు ఫోను చేయించింది. కొడుకు మొదటిసారి ఎత్తలేదు. రెండవసారి ఎత్తి, ‘అమ్మా, మీటింగులో ఉన్నాను, ఆ నంబర్లు ఎవరికీ చెప్పొద్దంటున్నారు కదా’ అన్నాడు. అతని తప్పేమీ లేదు, బ్యాంకులు అదే నేర్పాయి. మూడవసారి అంకెలు చదివేసరికి వ్యవధి దాటిపోయింది. ‘సంక్రాంతికి వస్తాడులెండి, అప్పుడు చేయిద్దాం’ అని ఆవిడ కాగితం మళ్ళీ కొంగుకు కట్టేసుకుంది. సంతృప్తి సర్వేలో ఈమె ఎక్కడా కనిపించదు. ఎందుకంటే సేవ పూర్తయినవారికే ఫారం ఇస్తాం.

ఇదే చిక్కు పెద్ద ఎత్తున జరిగే అభిప్రాయ సేకరణలోనూ ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రారంభించిన ‘మేరా అస్పతాల్’ ఓపీలో నమోదైన మొబైల్ నంబరుకు సందేశమో, రికార్డు చేసిన గొంతుతో ఫోనో పంపి అభిప్రాయం అడుగుతుంది. ఆలోచన మంచిదే. నర్సమ్మ పక్కన లేనప్పుడు మొహమాటం తగ్గుతుంది. కాని ఓపీ కౌంటరులో చెప్పిన నంబరు తోడు వచ్చినవారిది కావచ్చు. ఆసుపత్రికి రాని మనిషి ఫోనెత్తి, ‘బాగుంటే ఒకటి నొక్కండి’ అన్న మాట వినగానే ఒకటి నొక్కి పెట్టేయవచ్చు. మీరు ఫోను ద్వారా రెండవ విడత చేయదలచుకుంటే, మొదటి ప్రశ్నగా ‘డాక్టరుకు చూపించుకున్నది మీరేనా, మీ ఇంట్లో మరొకరా?’ అని అడగండి. జవాబుల వరుసను సగం మందికి తలకిందులు చేయండి. ఒకటో నంబరుకు ఉన్న బలం ఎంతో మీకే తెలుస్తుంది.

సంతృప్తి అన్నది ఆశించిన దానికి, అందిన దానికి మధ్య ఉన్న తేడా అని రిచర్డ్ ఆలివర్ 1980లో చెప్పిన మాట మీ అధ్యయన సమీక్షలో ఉంది. అయితే మీరు దానిని ప్రస్తావించి వదిలేశారు. మన డెల్టాలో ఆ ‘ఆశించినది’ ఏమిటో ఆలోచించండి. మీ రోగి ఈ-సంజీవనిని కాకినాడ పెద్దాసుపత్రితో పోల్చుకోవడం లేదు. వీధి చివరి ఆర్‌ఎంపీతో పోల్చుకుంటున్నాడు. ఆర్‌ఎంపీ పిలిస్తే మోటారు సైకిలు మీద ఇంటికి వస్తాడు, చెయ్యి పట్టి చూస్తాడు, సూది వేస్తాడు, డబ్బు దాళ్వా కోతలయ్యాక ఇవ్వమంటాడు. అతని వైద్యం ఎంత సరైనది అన్నది వేరే చర్చ. సేవ అందించే తీరులో మాత్రం అతడే కొలబద్ద. ట్యాబ్‌లో కనిపించే వైద్యుడు ఎంబీబీఎస్ చదివినా, స్పెషలిస్టు అయినా, చెయ్యి పట్టి చూడడు. అదే మనిషి ఏటి అవతలి లంకవాడైతే, ఆర్‌ఎంపీ కూడా రాత్రిపూట రేవు దాటి రానివాడైతే, ఆ ట్యాబే అతనికి దేవుడు. కాబట్టి అమలాపురం పక్కనున్న ఊరి మార్కులను, లంక ఊరి మార్కులను కలిపి సగటు తీయకండి. ప్రతి ఒక్కరినీ ‘ఇది లేకపోతే ఆ రోజు ఎక్కడికి వెళ్ళేవారు? వెళ్ళడానికి ఎంత ఖర్చయ్యేది, కూలి ఎంత పోయేది?’ అని అడగండి. ఒక మనిషి మిగుల్చుకున్న, ఏరు దాటించే పంటు చార్జీ, పోగొట్టుకోని కూలి రోజు మొహమాటానికి లొంగని అంకెలు.

ఇప్పుడు పని అవడం అంటే ఏమిటో చూద్దాం. వశిష్ఠ గోదావరి గట్టు పక్కన ఒక విలేజ్ క్లినిక్‌లో ఒక ఉదయం పూట కూర్చుని చూసినది ఇది. అరవై అయిదేళ్ళ ఆవిడ, బీపీ మనిషి, కాళ్ళ వాపులతో వచ్చింది. ఎంఎల్‌హెచ్‌పీ పట్టీ కట్టి బీపీ చూసి, వివరాలు ఎక్కించి, ట్యాబ్‌ను గోడకు ఆనించింది. తెర మీద యువ వైద్యుడొకరు కనిపించారు. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకు ఆవిడ తెర వైపు కాక, ఎంఎల్‌హెచ్‌పీ వైపు చూసి జవాబు చెప్పింది. ‘కాలి మీద వేలితో నొక్కి చూపించండమ్మా’ అన్నారాయన. నొక్కితే గుంట పడింది. ట్యాబ్‌ను కిందికి దించి కాలికి దగ్గరగా పట్టారు. బొమ్మ అక్కడే ఆగిపోయింది, గొంతు మాత్రం వచ్చింది. ఆయన, ఆవిడ వేసుకుంటున్న బిళ్ళ పేరడిగి, దానివల్ల కూడా వాపు రావచ్చునని, అది మార్చి వేరేది రాస్తున్నానని, మూత్ర పరీక్ష, క్రియాటినిన్ చేయించమని చెప్పారు. వైద్యం ముచ్చటగా జరిగింది, నన్నడిగితే నూటికి తొంభై వేస్తాను. ఆ మార్చి రాసిన బిళ్ళ క్లినిక్‌లో లేదు. వచ్చే వారం తెప్పిస్తామన్నారు. ఆవిడ చీటీ మడిచి, మనవడిని తోడు పెట్టుకొని, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్ళి మెడికల్ షాపులో కొనుక్కుంది. ఆ సాయంత్రం కలిసి అడిగితే, ‘డాక్టరు బాబు చాలా బాగా మాట్లాడాడండి’ అంది. ‘మళ్ళీ వెళ్తారా?’ అంటే, ‘ఎలాగూ ఏరు దాటాల్సిందే కదండీ, ఆ దాటేదేదో దాటి అక్కడే చూపించుకుంటే పోలా’ అంది.

మీ చిక్కుముడి ఆవిడ చెప్పిన ఈ ఒక్క వాక్యంలో విడిపోయింది. తెర, సిగ్నలు, వైద్యుని మాట, ఇవన్నీ బాగున్నా, చివరి అంగలో బిళ్ళ చేతికి రాకపోతే ఆన్‌లైన్ సేవ ఆమె లెక్కలో ఒక అదనపు మజిలీ. ఈ సేవల మీద నాకున్న స్థిరమైన అభిప్రాయం ఇది: మన ప్రాంతంలో సంతృప్తి నిర్ణయమయ్యేది తెర మీద కాదు, తెర ఆరిపోయిన తరువాతి వారం రోజుల్లో. మందు దొరికిందా, పరీక్ష జరిగిందా, దాని ఫలితం మళ్ళీ అదే వైద్యునికో ఆయన రాతలు చదవగలిగిన వేరొకరికో చేరిందా, పెద్దాసుపత్రికి పంపితే అక్కడ ఆ చీటీని ఎవరైనా చూశారా, లేక మొదటి నుంచి మళ్ళీ చెప్పుకోవలసి వచ్చిందా? సమాచార వ్యవస్థల విజయాన్ని కొలిచే డీలోన్, మెక్‌లీన్‌ల నమూనాలో, 2003లో సవరించిన రూపంలో, సమాచార నాణ్యత, వ్యవస్థ నాణ్యత, సేవా నాణ్యత అని మూడు విడిగా ఉంటాయి. మీ ప్రశ్నావళిలో మొదటి రెండింటికి పదహారు ప్రశ్నలున్నాయి, మూడవదానికి మూడే ఉన్నాయి. దానిని తిరగవేయండి.

కాబట్టి అదే రోజు అడగడంతో ఆపకుండా, ఏడు నుంచి పది రోజుల తరువాత మళ్ళీ అడగండి. భావాలను కాక, జరిగిన సంగతులను అడగండి. ‘సమయపాలన పట్ల సంతృప్తిగా ఉన్నారా?’ అని కాదు. ‘క్లినిక్‌లో అడుగుపెట్టినప్పుడు టైమెంత? డాక్టరు కనిపించేసరికి ఎంతయింది?’ అని అడగండి. గడియారం చూడనివారికి ‘బడి గంట ముందా, తరువాతా?’ అన్నది పనిచేస్తుంది. ‘మందుల లభ్యత ఎలా ఉంది?’ అని కాదు. ‘చీటీలో ఎన్ని రకాలు రాశారు, క్లినిక్‌లో ఎన్ని ఇచ్చారు, బయట ఎన్ని కొన్నారు?’ అని అడిగి, వీలైతే చీటీని, బిళ్ళల పొట్లాన్ని చూసి రాసుకోండి. ‘వైద్యుడు అర్థమయ్యేలా చెప్పారా?’ అన్నదానికి అందరూ అవుననే అంటారు. ‘ఈ బిళ్ళ ఎప్పుడు వేసుకోమన్నారు, ఎన్నాళ్ళు వేసుకోమన్నారు?’ అని అడిగితే ఎంత అర్థమైందో బయటపడుతుంది. చివర ఒక్కటి మాత్రం భావానికి వదలండి: ‘మీ అక్కో చెల్లెలో ఇదే బాధతో ఉంటే ఎక్కడికి వెళ్ళమంటారు?’ తన గురించి మొహమాటపడే మనిషి, తోబుట్టువు విషయంలో మొహమాటపడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సంతృప్తి తగ్గినచోటల్లా సేవ బాగాలేదని రాసెయ్యకండి. జలుబుకు యాంటీబయాటిక్ రాయనన్న వైద్యునికి, సెలైను అక్కరలేదన్న వైద్యునికి మార్కులు తగ్గుతాయి. 2020 మార్చి 25న వెలువడిన టెలీ వైద్య మార్గదర్శకాల ప్రకారం కొన్ని మందులను ఆన్‌లైన్‌లో రాయనేకూడదు. మాదక, మనోప్రభావక ద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి అందులో ఉన్నాయి. ఏళ్ళ తరబడి నిద్ర బిళ్ళకు అలవాటుపడిన పెద్దాయన తెర ముందు కూర్చుని, అది రాయరని తెలిసి కోపంగా లేచి వస్తే, వ్యవస్థ సరిగ్గా పనిచేసిందని అర్థం. మీ ఫారంలో మాత్రం అతను వేసే మార్కు ఒకటే, అన్నిటికంటే తక్కువది. అందుకని తక్కువ మార్కులు ఇచ్చిన ప్రతి ఒక్కరినీ ‘ఏం ఆశించి వెళ్ళారు?’ అని అడిగి, ఆ జవాబును వారి మాటల్లోనే పక్కన రాయండి. అదే మార్గదర్శకాల్లో మీకు పనికివచ్చే మరో అంశం, సంప్రదింపును ఆరోగ్య కార్యకర్త మొదలుపెట్టినప్పుడు రోగి నుంచి స్పష్టమైన సమ్మతి తీసుకోవాలన్నది. ‘ట్యాబ్ తెరిచేముందు మిమ్మల్ని అడిగారా?’ అన్న ఒక ప్రశ్న చేర్చండి. సంతృప్తి అధ్యయనాల్లో ఆ గౌరవపు ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు.

న్యాయం అన్న కోణం కూడా ఒకటుంది. పెద్ద ఆసుపత్రుల ఓపీల్లో గోడ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి టోకెను పొందే పద్ధతి వచ్చింది. ఫోనున్నవారికి వరుస తగ్గింది. ఓపీ చీటీ కోసం తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి నిలబడిన ముసలాయనకు, తన వెనుక వచ్చిన కుర్రవాడు ముందుగా లోపలికి వెళ్ళడం కనిపిస్తుంది. ఒకే ఏర్పాటు ఒకరికి సంతృప్తి, మరొకరికి అవమానం. 2021లో టీకాల రోజుల్లో కోవిన్‌లో స్లాట్ల కోసం వేళ్ళ వేగం ఉన్నవారికి, లేనివారికి మధ్య వచ్చిన తేడా మనమంతా చూసినదే. ఆన్‌లైన్ సేవ వాడనివారిని కూడా కొందరినైనా కలవాలని నేను పట్టుబట్టేది అందుకే. క్లినిక్ రిజిస్టరులో పేరు రాసి, సలహా పూర్తికాకుండా వెళ్ళిపోయినవారి జాబితా తీయండి. అసలు రానివారెవరో ఆశా కార్యకర్తకు ఇంటింటా తెలుసు. జాబితా ఆమె దగ్గర తీసుకోండి, ఇంటికి మాత్రం ఆమెను తీసుకువెళ్ళకండి.

సంఖ్య విషయానికి వస్తే, 384 మంది సరిపోతారా అని అడిగారు. ఆ అంకె 95 శాతం విశ్వాసం, అయిదు శాతం అటూ ఇటూ దోషం అన్న లెక్కకు, జనాభా అంతటి నుంచి విడివిడిగా ఏరినప్పుడు సరిపోతుంది. మీరు నాలుగు ఊళ్ళ నుంచి గుంపులుగా తీసుకున్నారు. ఒకే క్లినిక్‌కు వచ్చేవారి అనుభవాలు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో కావాలంటారు. నిజానికి నాలుగు ఊళ్ళలో ఎనిమిది వందల మంది కంటే, పన్నెండు ఊళ్ళలో ఊరికి ముప్ఫై మంది మేలు. ఒక్కరే తిరగలేనంటే, సంఖ్య తగ్గించుకొని లోతు పెంచండి, పరిమితిని పరిమితిగా రాసేయండి.

ఎప్పుడు వెళ్తున్నారన్నది కూడా రాయాలి. మీరు మొదటి విడత సంక్రాంతి దగ్గర్లో చేశారు. అప్పుడు పట్నం నుంచి పిల్లలు వచ్చి ఉంటారు, ఇంట్లో స్మార్ట్‌ఫోన్లు ఉంటాయి, ఏరు ఒద్దికగా ఉంటుంది. అదే ఊరికి జూలై, ఆగస్టుల్లో వెళ్ళండి. గోదావరికి వరద వచ్చి కనకాయలంక కాజ్‌వే మునిగినప్పుడు ఆన్‌లైన్ వైద్య సలహాకు ఉన్నంత విలువ మరెప్పుడూ ఉండదు, కరెంటు పోయి టవరు ఆగిపోయే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. భద్రాచలం దగ్గర నీటిమట్టం 70 అడుగులు దాటిన 2022 జూలై లాంటి వరద ప్రతి ఏడూ రాదు, కాని మామూలు వరదకే పడవ మీద తిరిగే లంకలున్నాయి. ఆ కొద్ది వారాల్లో సేవ అందిందా లేదా అన్నది సంవత్సరమంతా మనుషులు గుర్తుపెట్టుకుంటారు. వెళ్ళే వేళ కూడా చూసుకోండి. నాట్ల రోజుల్లో పగలు పదింటికి వెళ్తే మీకు దొరికేది ముసలివారు, బడి పిల్లలు మాత్రమే. దీపాలు పెట్టే వేళకు వెళ్ళండి.

ఇప్పటికే ఉన్న ఫారాలను పారేయనక్కరలేదు. మొదటి విడతను ‘సిబ్బంది ప్రవర్తన మీద అభిప్రాయం’ అని పేరు మార్చి ఉంచండి, ఎందుకంటే అది నిజంగా కొలిచినది దానినే. అందులో వచ్చిన మంచి మార్కులు అబద్ధం కాదు. విలేజ్ క్లినిక్‌లో ఆ అమ్మాయిలు మర్యాదగా మాట్లాడుతున్నారు, ఊరివారు దానిని గుర్తించారు. ఒకప్పటి ధర్మాసుపత్రి మాటతీరు గుర్తున్న నాలాంటివాడికి అది చిన్న సంగతిగా కనిపించదు. రెండవ విడతలో పైన చెప్పిన జరిగిన సంగతుల ప్రశ్నలతో, వారం తరువాత, ఇంటి దగ్గర, సిబ్బంది తోడు లేకుండా వెళ్ళి అడగండి. రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, ఎడమ గడిలో అయిదు ఉన్నవారిలో ఎందరికి కుడి గడిలో మందు చేతికి రాలేదో చూపించండి. మీ గైడుకు ఆ ఒక్క పట్టిక చాలు.

ఆధార్, ఆభా నంబర్లు రాసుకోవద్దు, అవి మీకు అక్కరలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తరువాత ఎథిక్స్ కమిటీలు ఆ విషయంలో గట్టిగా అడుగుతాయి, అడగాలి కూడా. ఫారం మీద సంకేత సంఖ్య వేసి, పేర్ల జాబితాను వేరే పుస్తకంలో ఉంచుకోండి. రెండవ విడతకు కమిటీ అనుమతి మళ్ళీ తీసుకోవలసి ఉంటుంది, ప్రశ్నలు మారాయి కనుక. పీహెచ్‌సీ వైద్యాధికారికి ముందుగా చెప్పండి గాని, ఏ ఊరికి ఏ రోజు వెళ్తున్నారో మాత్రం చెప్పకండి.

పుస్తకం మూసిన వెంటనే లేచి రాకండి. నా అనుభవంలో అసలు మాట అప్పుడే వస్తుంది, గేటు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు, చెప్పులు వేసుకుంటున్నప్పుడు. ‘అది సరేగానండి, ఆ డాక్టరు బాబుకి మా కాలు కనపడిందంటారా?’ అని ఒకామె నన్ను అడిగింది అలాంటప్పుడే. అది ఏ గడిలోనూ పట్టదు. ఫారం వెనుక పేజీ ఖాళీగా ఉంచుకోండి.